సున్నం రాలిన చోటు

పల్చని ఇనుము కంటబడితే భానోజీకి అన్నం సహించేది కాదు.

దానికో కారణం ఉంది. మూడేళ్ళ కిందట, ఇంజనీరింగు పూర్తి చేసిన కొత్తలో, భీమిలి అవతల సముద్రం ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీకి షెడ్డు గీసి ఇచ్చాడు. అతని చేతి మీదుగా లేచిన మొట్టమొదటి కట్టడం అదే. ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. పడవలు ఒడ్డుకి లాగి కట్టి, గాలికి తాళలేక మైలపల్లి ఎర్రయ్య అనే మనిషి పరుగున వచ్చి ఆ షెడ్డులో తలదాచుకున్నాడు. షెడ్డు అతని మీదే కూలింది.

విచారణ జరిగింది. అంత గాలి వస్తుందని ఎవరు మాత్రం అనుకున్నారు, కుర్రాడి తప్పేముంది అన్నారు అందరూ. భానోజీ మీద ఈగ కూడా వాలలేదు. ఆ రోజు నుంచీ అతను ఏం గీసినా నాలుగు కిలోల ఇనుము చాలేచోట ఎనిమిది కిలోలు వేస్తాడు. పదిమందిలో ఎర్రయ్య పేరు ఎత్తడు. లోపల మాత్రం ఆ పేరు దిగలేదు.

అలాంటి స్థితిలో భానోజీ, దాలినాయుడు మాష్టారి దగ్గరికి శిష్యుడిగా వచ్చి చేరాడు.

మాష్టారికి డెబ్భై దాటాయి. నలభై ఏళ్ళపాటు ఇనుప కట్టడాలు గీసిన మనిషి. గాజువాకలో ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో ఓ మూల రేకుల గది ఇస్తే, అందులో బల్ల వేసుకుని కూర్చుంటారు. ఒకరో ఇద్దరో శిష్యులు ఎప్పుడూ ఉంటారు. శిష్యుడికి మొదటి నెల కాగితం, స్కేలు చేతికివ్వరు, చీపురిస్తారు. యార్డు ఊడ్చి, విరిగిన ముక్కలన్నీ ఏరి, ఏది ఎక్కడ విరిగిందో చూసి చెప్పమంటారు. ఇంజనీరింగులో రాంకు తెచ్చుకున్న భానోజీ కూడా నెలరోజులు ఊడ్చాడు. మాష్టారి మీద అతనికి అంత గురి.

ఆ వేసవిలో యార్డుకి ఒక ఆసుపత్రి పని వచ్చింది. ఎక్కడో ఈశాన్యంలో, కొండల మధ్య ఒక చిన్న ఊరు. భూమి తరచు ఒళ్ళు విరుచుకునే చోటు. అక్కడ రెండంతస్తుల కాన్పుల ఆసుపత్రి కట్టాలి. ఇనుప చట్రమంతా ఇక్కడ తయారు చేసి, లారీల మీద పంపిస్తే, అక్కడ నిలబెట్టి బోల్టులు బిగించుకుంటారు.

మాష్టారు చట్రం గీశారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య, ఇంటూ గుర్తులాగా ఏటవాలుగా రెండేసి ఇనుప పట్టీలు పెట్టారు. భూమి ఊగినప్పుడు కట్టడం పక్కకి ఒరిగిపోకుండా పట్టుకునేవి అవే. యార్డులో వాటిని క్రాసులంటారు. కాగితం మీద క్రాసు మందం దగ్గర పది మిల్లీమీటర్లు అని రాసి ఉంది.

భానోజీకి ఆ పది దగ్గర చూపు ఆగిపోయింది.

"మాష్టారూ, క్రాసులకి పది సరిపోద్దంటారా?"

"సరిపోద్ది."

"ఇరవై వేస్తే?"

"పది వెయ్యరా."

అంతే. మాష్టారు అంతకంటే మాట్లాడే మనిషి కాదు. ఆ మర్నాడే ఆయన కంటి ఆపరేషనుకి వెళ్ళారు. ఇనుప రజను కంట్లో పడకూడదు, పదిహేను రోజులు యార్డు గుమ్మం తొక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ పదిహేను రోజులూ భానోజీ మనసు మనసులో లేదు. ఆ ఆసుపత్రిలో పడుకునేది బాలింతలు. వాళ్ళ పక్కన ఒకటి రెండు రోజుల పసిగుడ్లు. లేచి పరిగెత్తమన్నా పరిగెత్తలేని వాళ్ళు. మాష్టారికి వయసైంది, చూపు కూడా ఆనడం లేదు, ఏ లెక్కలోనో పొరబడి ఉంటారు అనుకున్నాడు. గురువు మాట మీరడం పాపమే. కానీ బాలింత మీద కప్పు కూలితే ఆ పాపం ముందు ఇదెంత? ఎక్కువ వేస్తే పోయేదేముంది, నాలుగు మెతుకులు ఎక్కువ తిని చచ్చినవాడు లేడు కదా!

ఫిట్టరు అప్పలసూరిని పిలిచి, క్రాసులన్నీ ఇరవైలో కోయించమన్నాడు.

"మాష్టారు పదన్నారు కదా బావూ?" అన్నాడు అప్పలసూరి.

"నేను చెప్తున్నాను కదా. ఇరవై కొయ్యండి."

అప్పలసూరికీ లోపల సంతోషమే. బరువైన పని చేతిలో పడితే ఏ ఫిట్టరుకైనా మీసం లేస్తుంది. కోశారు, రంధ్రాలు పెట్టారు, రంగులు వేశారు. చట్రాన్ని ఓసారి యార్డులోనే నిలబెట్టి బిగించి చూసుకున్నారు. క్రాసులు తొడల్లా బలిసి కనిపిస్తుంటే భానోజీకి మూడేళ్ళ తర్వాత ఊపిరి ఆడినట్టయింది. ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నాడు.

మాష్టారు నల్లద్దాలు పెట్టుకుని యార్డుకొచ్చేసరికి, చట్రం విప్పి ముక్కలు ఎక్కించిన మొదటి లారీ సిద్ధంగా ఉంది. మొదటి స్తంభానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అప్పలసూరి కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. మాష్టారి చేత్తో కొట్టించాలని ఆగారు.

మాష్టారు కాయ అందుకోలేదు. అలవాటు ప్రకారం లారీ పక్కనే నడుస్తూ, ఒక్కొక్క ముక్కనీ చేత్తో తడుముతూ వస్తున్నారు. ఒక క్రాసు అంచు మీద ఆయన బొటనవేలు ఆగింది. కన్ను మసకబారిందేమో గాని, వేలికి చూపు తగ్గలేదు.

"ఇవి నేను గీసినవేనట్రా?"

"కాదండీ. ఇరవై వేయించాను." భానోజీ తల దించుకోలేదు. తిడితే పడదామని ముందే అనుకున్నాడు. "మీ మాట దాటాను మాష్టారూ, తప్పే. కానీ ఇప్పుడు ఇది గట్టిగా ఉంది."

"గట్టిగానే ఉంది," అన్నారు మాష్టారు. ఇంకోసారి తడిమి చూశారు. "సూరీ, ఆ కాయ పక్కన పెట్టు. బస్తాడు సున్నం తెప్పించు."

అప్పలసూరి బిక్కమొహం వేశాడు. "సున్నమేటి మాష్టారండీ? ఏ గోడకి?"

"గోడక్కాదు. ఇనుముకి."

లారీ డ్రైవరు విసుక్కుంటూ బండి కిందే చాప పరుచుకుని పడుకున్నాడు. రెండు రోజులు పట్టింది. మాష్టారు చెప్పినట్టు అప్పలసూరి రెండు చిన్న చట్రాలు చేశాడు. మనిషెత్తు చట్రాలు. నాలుగు కాళ్ళు, పైన నాలుగు దూలాలు, పక్కలకి క్రాసులు. చూడ్డానికి పెళ్ళి పందిరి ముక్కల్లా ఉన్నాయి. రెండింటికీ కాళ్ళు ఒక్కటే, దూలాలు ఒక్కటే. ఒకదానికి మాష్టారి లెక్క ప్రకారం పల్చని క్రాసులు, రెండోదానికి భానోజీ లెక్క ప్రకారం దానికి రెట్టింపు మందం. పైన రేకు పరిచి, ఒక్కోదాని మీద ఆరు బస్తాల బోల్టులు ఎక్కించారు. కాళ్ళని కింద కాంక్రీటులోకి బిగించారు. రెండింటికీ దట్టంగా సున్నం కొట్టి ఆరబెట్టారు.

సున్నం కొట్టిన ఇనుముకి అబద్ధమాడడం రాదు. లోపల ఇనుము సాగినా, నలిగినా పైనున్న సున్నం సాగలేదు కాబట్టి అక్కడ పొలుసులు లేచి రాలిపోతుంది. ఎక్కడ రాలితే అక్కడ దెబ్బ తగులుతున్నట్టు.

మర్నాడు పొద్దున్నే భానోజీ చట్రానికి గొలుసు కట్టారు. గొలుసు రెండో కొస, యార్డు పెద్ద స్తంభానికి కట్టిన చెయిన్ పుల్లీకి తగిలించారు. ఆ పుల్లీతో ఒక్క మనిషి మూడు టన్నుల బరువు లాగగలడు. భూకంపం చేసే పని అక్కడ ఒక మనిషి చేత్తో చెయ్యాలి.

మాష్టారు తన గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి, ఆ చట్రం కింద వేసుకుని కూర్చున్నారు.

"లాగరా," అన్నారు.

భానోజీ గొలుసు ముట్టుకోలేదు. "మాష్టారూ, మీరు బయటికి రండి ముందు!"

"ఇది గట్టిదన్నావు కదా?"

"గట్టిదేనండీ."

"మరి గట్టిదాని కింద కాక ఎక్కడ కూచోమంటావు? లాగు."

చుట్టూ వెల్డర్లు, హెల్పర్లు పని ఆపి చూస్తున్నారు. మాష్టారికి ఎదురుచెప్పే అలవాటు ఆ యార్డులో ఎవరికీ లేదు. భానోజీ గొలుసు పట్టుకున్నాడు. మెల్లగా లాగాడు. పుల్లీ టకటకమంది. చట్రానికి కట్టిన గొలుసు బిగుసుకుంది.

అతని కళ్ళు క్రాసుల మీదే ఉన్నాయి. ఇంకాస్త లాగాడు. క్రాసులు చలించలేదు. సున్నం పూత మీద గీత కూడా పడలేదు. ఇంకా లాగాడు. తెల్లగా, తిన్నగా అలాగే ఉన్నాయి. అతని గుండె కుదుటపడింది. చూశారా అన్నట్టు మాష్టారి వైపు చూశాడు.

మాష్టారి కుడి భుజం మీద సున్నం పొలుసు పడి ఉంది.

చూస్తుండగానే ఇంకొకటి పడింది. ఆయన చెవి పక్కనున్న స్తంభం మీద, తల ఎత్తున, సున్నం పొలుసులు పొలుసులుగా లేస్తోంది. అది క్రాసు కాదు, ఆరు బస్తాల బరువు మోస్తున్న కాలు.

భానోజీ చేతులు ఆగిపోయాయి.

"ఏం ఆగావు?" అన్నారు మాష్టారు, భుజం దులుపుకోకుండానే.

"స్తంభం... స్తంభం నలుగుతోందండీ."

"నీ క్రాసుకేమన్నా అయిందా?"

"లేదండీ."

"మరింకేం. లాగు."

"మాష్టారూ, వద్దండీ."

"లాగమన్నానా?"

ఇంకొక్క గుంజు లాగాడు. స్తంభం కిర్రుమంది. మాష్టారి తల పక్కన ఇనుము బయటికి ఉబ్బి, సున్నం జలజలా రాలింది. భానోజీ గొలుసు వదిలేసి ఒక్క దూకు దూకాడు. గురువన్న మాట మరిచిపోయాడు, డెబ్భై ఏళ్ళ మనిషన్న మాటా మరిచిపోయాడు. రెక్క పట్టుకుని బయటికి ఈడ్చేశాడు. కుర్చీ వెల్లకిలా పడింది. నల్లద్దాలు ఎక్కడో పడ్డాయి.

"మిమ్మల్ని కూడా చంపుకోమంటారా!" అని అరిచాడు.

అప్పలసూరి వచ్చి నల్లద్దాలు తీసి, తుడిచి మాష్టారికిచ్చాడు. భానోజీ చెవి దగ్గర మెల్లిగా, "పైకి సూడు బావూ," అన్నాడు. చట్రం నెత్తికి క్రేను కొక్కెం తగిలించి ఉంది. చట్రం ఒరిగినా పైనున్న బరువు కింద పడదు. "రేత్రే సెప్పీసినారు, కొక్కెం ఏసి ఉంచమని. మాష్టారు పంతం మనిషే గానీ, పిచ్చోడు కాడు."

భానోజీకి అప్పటిదాకా కొక్కెం కనబడనే లేదు. అతనికి కోపం కూడా వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగేశాడు.

మాష్టారు సైగ చేస్తే కొక్కెం ఊడదీశారు. ఈసారి కింద ఎవరూ లేరు. భానోజీ గొలుసు పట్టుకుని నాలుగు గుంజులు గుంజాడు. ఉబ్బిన కాలు మడతపడింది. దాంతోపాటు చట్రమంతా మోకాళ్ళ మీద కూలబడింది. ఆరు బస్తాల బోల్టులూ గలగలమంటూ యార్డంతా దొర్లాయి. దుమ్ము అణిగాక చూస్తే, కూలిన ఇనుము మధ్యలో క్రాసులు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి మీది సున్నం నిన్న కొట్టినట్టే ఉంది.

గొలుసు విప్పి రెండో చట్రానికి కట్టారు. బోల్టులు ఏరుకోవడానికి గంట పట్టింది. భానోజీ కూడా వంగి ఏరాడు. మాష్టారు టీ తెప్పించుకుని, గ్లాసు పట్టుకుని, కుర్చీ మళ్ళీ ఈడ్చుకుంటూ రెండో చట్రం కిందికి వెళ్ళి కూర్చున్నారు. అప్పలసూరి కొక్కెం దీనికి తగిలించబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"మాష్టారూ!" అన్నాడు భానోజీ.

"దీని లెక్క నాది. లాగు."

భానోజీ లాగాడు. మొదటి గుంజుకే క్రాసు మీద సున్నం పగిలింది. రెండో గుంజుకి పొలుసులు రాలాయి.

"క్రాసు సాగుతోందండీ!"

"స్తంభం చూడు."

చూశాడు. పైనుంచి కిందిదాకా తెల్లగా ఉంది. ఎక్కడా పొలుసు లేవలేదు.

"లాగు."

లాగాడు. ఒకవైపు క్రాసు విల్లులా పక్కకి వంగింది. దాని జంట బిగుసుకుని, మూలిగి, సాగింది. సున్నమంతా రాలి లోపలి నల్ల ఇనుము బయటపడింది. చట్రం జానెడు ఒరిగింది. మాష్టారు ఒరిగిన చట్రం కింద టీ ఊదుకుంటూ తాగుతున్నారు. ఇంకో గుంజు లాగాడు. ఇంకో నాలుగు వేళ్ళు ఒరిగింది. క్రాసులు ఇంకా సాగాయి. స్తంభాలు మాత్రం వంకరగానైనా అలాగే నిలబడి ఆరు బస్తాలనీ మోస్తున్నాయి. భానోజీ లాగుతూనే ఉన్నాడు. చేతులు బొబ్బలెక్కాయి, చొక్కా తడిసి ముద్దయింది. ఇంక లాగే శక్తి లేక అతనే గొలుసు వదిలేశాడు.

మాష్టారు ఖాళీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చారు. వంకరపోయిన క్రాసు మీద చెయ్యి వేసి, "ఇది పోయింది. దెబ్బంతా తనే తినేసి స్తంభాన్ని కాచింది. విప్పేసి కొత్తది బిగించుకుంటారు," అన్నారు.

భానోజీ చట్రం కింద మిగిలిన ఖాళీ కుర్చీ వంక చాలాసేపు చూశాడు.

"సూరీ," అన్నాడు చివరికి. "లారీలోవన్నీ దింపండి. పది ప్లేటు బయటికి తియ్యండి. క్రాసులన్నీ మళ్ళీ కోద్దాం."

"అలాగే బావూ," అని అప్పలసూరి మనుషుల్ని కేకేసుకుంటూ వెళ్ళాడు. లేచి కూర్చున్న లారీ డ్రైవరు సంగతి తెలుసుకుని మళ్ళీ పడుకున్నాడు.

భానోజీ మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. ఒరిగిన చట్రాన్ని ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మాష్టారూ కదల్లేదు.

"ఐసు ఫ్యాక్టరీ షెడ్డు కూడా పల్చనిదేనండీ," అన్నాడు భానోజీ. మాష్టారి దగ్గర ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. "దీనిలాగే పల్చటి క్రాసులు వేశాను. మరి అది ఎందుకు నిలబడలేదు? ఎర్రయ్య లోపల ఉన్నాడు కదండీ. అది కూడా ఇలా సాగి, ఆగి ఉండాలి కదా."

మాష్టారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

"క్రాసు కొసన ఎన్ని బోల్టులు వేశావు?"

"రెండండీ."

"కూలాక చూశావు కదా. క్రాసు సాగిందా?"

భానోజీ కళ్ళు మూసుకున్నాడు. ఆ రేకుల గుట్ట, ఆ ఉప్పు నీళ్ళు, ఎర్రయ్య చెప్పుల జత అతను మరిచిపోయిందెప్పుడు? క్రాసులు నేల మీద పడి ఉన్నాయి. తిన్నగా, కొత్తవిలాగా. కొసన బోల్టులు తెగిపోయి ఉన్నాయి.

"సాగలేదండీ," అన్నాడు. "సాగకముందే బోల్టులు తెగిపోయాయి. అది వంగలేదు. ఒక్కసారే విరిగింది."

భానోజీ కళ్ళు తెరిచాడు.

"తప్పు నాదే కదండీ?"

మూడేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరిని అడిగినా తుఫానన్నారు, గాలన్నారు, రాతన్నారు. తల్లి కూడా అలాగే అంది. అందరూ ప్రేమతోనే అన్నారు. ఆ ప్రేమే అతన్ని కాల్చుకు తింది.

మాష్టారు నల్లద్దాలు తీసి, ఎర్రగా ఉన్న కళ్ళతో శిష్యుడి కళ్ళలోకి చూశారు. ఆయనకి ఆ మాట అనడం ఎంత కష్టంగా ఉందో ఆ ముఖంలోనే తెలుస్తోంది.

"నీదేరా," అన్నారు.

అంతే. భానోజీ ముందుకి ఒరిగిపోయాడు. చట్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల్నుంచి ఏదో తన్నుకొచ్చి, యార్డులో అంతమంది ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎర్రయ్యా, ఎర్రయ్యా అని రెండుసార్లు అన్నాడు. పనివాళ్ళు ఇటు చూడకుండా అప్పలసూరి వాళ్ళందరినీ లారీ వెనక్కి తోలుకుపోయాడు. మాష్టారు ఆపమనలేదు. ఓదార్చలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

చాలాసేపటికి భానోజీ తల ఎత్తాడు.

"నా వల్ల కావట్లేదు మాష్టారూ. నిలబడలేకపోతున్నానండీ."

"నిలబడే ఉన్నావు కదరా," అన్నారు మాష్టారు.